విమానంలో లోపం ఉంటే బాధ్యత ఎవరిది? ఫ్యాక్టరీ నుంచి టెక్ లాగ్ దాకా

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలిపోయి 260 మంది చనిపోయాక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఒక ప్రశ్న బాగా వినిపించింది. "బోయింగా, ఎయిర్‌బస్సా? ఏది ఎక్కితే నయం?" ఇక్కడ అది ఊరికే అడిగే మాట కాదు. దుబాయ్, మస్కట్, దోహా అంటూ వాడకొకరైనా గల్ఫ్‌లో ఉన్న ఊళ్లివి. రాత్రిపూట కారు మాట్లాడుకుని శంషాబాద్ పోవడం ఈ జిల్లాల్లో పండగకు ఊరికి పోయినంత మామూలు.

వరంగల్ వాళ్లకు ఇంకో కారణం ఉంది. నిజాం కాలంలో కట్టి, 1981 తర్వాత విమానాలు ఆగిపోయిన మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ పచ్చజెండా ఊపింది. విమానం ఊరి పక్కనే దిగబోతోందంటే దాని గురించి ఆరా తీయడం సహజం.

అయితే ప్రమాదం జరిగిన ప్రతిసారీ వాదన మూడు ముక్కల్లోనే నడుస్తుంది. తయారీ కంపెనీ నాసిరకం విమానం అమ్మిందని ఒకరంటారు. ఎయిర్‌లైన్ మెయింటెనెన్స్ చేయలేదని ఇంకొకరంటారు. పైలట్ తప్పు అని మూడోవారు. నిజంగా జరిగిన ప్రమాదాల నివేదికలు చదివితే వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నిలబడదు. చాలాసార్లు లోపం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే చోట, అంటే కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పోయే చోట తప్పించుకుంటుంది. ఆ కాగితాలేమిటో, వాటి మీద సంతకం ఎవరిదో తెలిస్తే వార్తలు వేరేగా కనిపిస్తాయి.

## విమానానికి ఎన్ని అనుమతులు కావాలి?

మొదటిది టైప్ సర్టిఫికెట్. ఇది ఒక్కో విమానానికి ఇచ్చేది కాదు, డిజైన్‌కు ఇచ్చేది. బోయింగ్ 787-8 అనే నమూనా గీసిన తీరు, రెక్కల బలం, ఒక ఇంజిన్ ఆగినా ఎగరగలగడం లాంటివన్నీ పరీక్షించి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇస్తుంది. ఎయిర్‌బస్ డిజైన్లకు యూరప్ సంస్థ ఈఏఎస్ఏ ఇస్తుంది. మన దగ్గర పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ సర్టిఫికెట్‌ను పరిశీలించి ఆమోదిస్తుంది గానీ, డిజైన్ మొత్తాన్ని మొదటి నుంచీ తిరిగి పరీక్షించదు.

రెండోది ప్రొడక్షన్ సర్టిఫికెట్. ఆమోదించిన డిజైన్‌కు వెంట్రుకవాసి తేడా లేకుండా ప్రతి విమానాన్నీ తయారు చేయగల వ్యవస్థ ఈ ఫ్యాక్టరీలో ఉందని చెప్పేది. డిజైన్ సరిగ్గా ఉండి తయారీలో తప్పు జరగవచ్చు, తయారీ పక్కాగా ఉండి డిజైన్‌లోనే తప్పు ఉండవచ్చు. "తయారీ లోపం" అని మనం ఒకే మాటలో కలిపేసేవి నిజానికి ఈ రెండూ.

మూడోది ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్. ఫలానా రిజిస్ట్రేషన్ నంబరున్న ఈ ఒక్క విమానం ఎగరడానికి యోగ్యమైనదని, అది రిజిస్టరైన దేశం ఇస్తుంది. వీటీ అనే అక్షరాలతో మొదలయ్యే భారత విమానాలకు ఇచ్చేది డీజీసీఏ. దాంతోపాటు ఏటా రికార్డులన్నీ తిరగేసి ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ సర్టిఫికెట్ ఇస్తారు. అదే ఏఆర్‌సీ. దాని గడువు దాటితే విమానం కండిషన్ ఎంత బాగున్నా ఎగరకూడదు.

ఆర్టీసీ బస్సుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. బస్సు చాసిస్ ఒక కంపెనీది, ఓనర్ ఆర్టీసీ, ఫిట్‌నెస్ ఇచ్చేది రవాణా శాఖ. హన్మకొండ డిపోలో బ్రేకులు ఎవరు బిగించారని చాసిస్ కంపెనీని పదేళ్ల తర్వాత ఎవరూ అడగరు. విమానం అలా కాదు. అమ్మిన 20 ఏళ్ల తర్వాత కూడా, ఆ నమూనాలో లోపం ఉందని తెలిస్తే దాన్ని వెతికి, సవరణ తయారుచేసి, ప్రపంచంలోని ప్రతి ఎయిర్‌లైన్‌కూ చెప్పాల్సిన బాధ్యత డిజైన్ చేసిన కంపెనీదే. చెప్పింది చేయాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌ది.

ఇంకో చిక్కు ఉంది. మన ఎయిర్‌లైన్స్ నడిపే విమానాల్లో చాలావాటికి ఓనర్లు వేరే. ఐర్లాండ్‌లాంటి చోట్ల ఉన్న లీజు కంపెనీలవి. విమానం మాత్రమే లీజుకు తెచ్చుకుంటే అది భారత్‌లో రిజిస్టరవుతుంది, మెయింటెనెన్స్ బాధ్యత పూర్తిగా ఎయిర్‌లైన్ మీద పడుతుంది. పైలట్లతో సహా తెచ్చుకుంటే కథ మారుతుంది. ఇండిగో 2023లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి బోయింగ్ 777లు తెచ్చి నడిపింది అలాగే. టికెట్ ఇండిగోది, విమానం టర్కీ రిజిస్ట్రేషన్‌ది. అంటే దాని యోగ్యతను చూసేది టర్కీ నియంత్రణ సంస్థ. ప్రయాణికుడికి కనిపించేది మాత్రం టికెట్ మీది పేరొక్కటే.

## "చెక్ చేసి పంపారు" అంటే ఏం చేసినట్టు?

చెకింగ్ అన్నది ఒకే పని కాదు. ప్రతి ప్రయాణానికి ముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి చూస్తాడు. టైర్లు, ఇంజిన్ ముందరి బ్లేడ్లు, లీకేజీ మరకలు, పిట్ట తగిలిన సొట్టలు, ఇలాంటివి. కిటికీ పక్క సీటు దొరికితే టార్చి పట్టుకుని చక్రాల దగ్గర వంగి చూసే మనిషి కనిపిస్తాడు. రోజువారీ, వారంవారీ తనిఖీలు దీనికి అదనం.

ఆ పైన అక్షరాలతో పిలిచేవి ఉంటాయి. కొన్ని వందల గంటల ప్రయాణానికోసారి ఏ-చెక్, ఇది ఒక రాత్రిలో అయిపోవచ్చు. ఏడాదిన్నర, రెండేళ్లకోసారి సీ-చెక్, విమానం వారం పది రోజులు హ్యాంగర్‌లో ఉంటుంది. ఇంకా పెద్దది ఆరు నుంచి పన్నెండేళ్లకోసారి. అప్పుడు సీట్లు, లోపలి ప్యానెళ్లు, ఫ్లోరింగ్ అన్నీ ఊడదీసి లోహపు అస్థిపంజరం దాకా పోయి పగుళ్లు, తుప్పు వెతుకుతారు. గడువులు నమూనాను బట్టి, ఎయిర్‌లైన్ ప్రణాళికను బట్టి మారతాయి.

పని చేసింది ఎవరైనా చివర్లో లైసెన్స్ ఉన్న ఇంజినీర్ సంతకం పెట్టాలి. ఫీల్డులో అందరూ ఏఎంఈ అంటారు. ఆ సంతకాన్నే "రిలీజ్ చేయడం" అంటారు. ఏఎంఈ రిలీజ్ చేయని విమానాన్ని ఎయిర్‌లైన్ ఛైర్మన్ చెప్పినా పైలట్ తీసుకుపోకూడదు.

ఇదంతా రాసే పుస్తకం టెక్ లాగ్. విమానంతోపాటే తిరుగుతుంది, ఇప్పుడు కొన్నిచోట్ల ట్యాబ్లెట్‌లోకి మారింది. పైలట్‌కు కనిపించిన లోపాన్ని మన దగ్గర "స్నాగ్" అంటారు. స్నాగ్ రాయాలి, ఇంజినీర్ ఏం చేశాడో దాని ఎదురుగా రాయాలి. తర్వాతి పైలట్ విమానం తీసుకునే ముందు అది చదవాలి. ఈ వ్యాసంలో ఇక ముందు వచ్చే ప్రమాదాల్లో సగం ఈ పుస్తకం చుట్టూనే తిరుగుతాయి.

## ప్రింటర్ పని చేయకపోయినా విమానం ఎగరొచ్చా?

ఎగరొచ్చు. సీటు దగ్గరి లైటుకో, ట్రే టేబుల్‌కో "పనిచేయదు" అని స్టిక్కర్ అంటించి ఉంటే చాలామంది "గిది కూడా బాగుచేయలేదు, ఇంక ఇంజిన్ ఏం చూస్తారు?" అని టెన్షన్ పడతారు. ఆ అనుమానం అర్థం చేసుకోదగ్గదే, కానీ స్టిక్కర్ ఉండటం నియమం పాటించినట్టు కూడా కావచ్చు.

ఏ వస్తువు పాడైనా ఎగరొచ్చు, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, అంతవరకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని ముందే రాసి ఆమోదించిన జాబితా ఒకటి ఉంటుంది. మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్, పొట్టిగా ఎమ్ఈఎల్. అందులో బీ వర్గానికి గడువు 3 రోజులు, సీకి 10, డీకి 120. ఇక 'ఏ' అనే అక్షరంతో ఉన్న వర్గానికి గడువు ఆ వస్తువు పక్కనే విడిగా రాసి ఉంటుంది. లోపం కనిపెట్టిన రోజును లెక్కలోకి తీసుకోరు.

అహ్మదాబాద్ విమానమే ఉదాహరణ. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ 2025 జులైలో ఇచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం, ఆ విమానంలో జూన్ 9 నుంచి సీ వర్గంలో కొన్ని లోపాలు వాయిదాలో ఉన్నాయి. కాక్‌పిట్ తలుపు బయట చూపే కెమెరా, ఎయిర్‌పోర్టు మ్యాపు, కోర్ నెట్‌వర్క్, కాక్‌పిట్ ప్రింటర్. గడువు జూన్ 19. తొమ్మిది పక్కన పెట్టి పది రోజులు లెక్కేస్తే సరిగ్గా అంతే. ప్రమాదం జరిగిన రోజు ఢిల్లీ నుంచి విమానం తెచ్చిన పైలట్లు తోక రెక్క స్థానాన్ని చెప్పే సెన్సర్ గురించి ఒక స్నాగ్ రాశారు. అహ్మదాబాద్‌లో ఏఎంఈ దాన్ని మాన్యువల్ ప్రకారం చూసి మధ్యాహ్నం 12:10కి రిలీజ్ చేశారు. "లోపాలున్న విమానాన్ని పంపారు" అని అప్పట్లో తిరిగిన వార్తల మూలం ఇదే. మాట అబద్ధం కాదు. కానీ ఈ లెక్కన చూస్తే ఒక్క వాయిదా కూడా లేని విమానం ఏ రోజైనా అరుదే.

అసలు గొడవ ఎమ్ఈఎల్ ఉండటంలో లేదు, దాన్ని వాడే తీరులో ఉంది. ఒకే లోపాన్ని గడువులోపు "సరిచేశాం" అని మూసేసి, రెండు రోజుల్లో మళ్లీ తెరిస్తే కాగితం మీద అంతా సక్రమంగానే కనిపిస్తుంది.

## తయారీదారు హెచ్చరించాడు, ఎయిర్‌లైన్ చేయలేదు: తప్పా, కాదా?

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. విమానం గురించి వచ్చే హెచ్చరికలు అన్నీ ఒక్క బరువువి కావు.

తయారీదారు పంపేది సర్వీస్ బులెటిన్. "ఈ భాగం చూడండి, మార్చండి" అని చెబుతుంది. సాధారణంగా అది సలహా. నియంత్రణ సంస్థ ఇచ్చేది ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, ఏడీ. ఇది ఆదేశం. గడువులోపు చేయకపోతే విమానం కదలకూడదు. డిజైన్ చేసిన దేశం ఏడీ ఇస్తే భారత్‌లోని విమానాలకూ అది వర్తిస్తుంది. ఈ రెండిటి మధ్య ఎఫ్ఏఏ ఇచ్చే ప్రత్యేక సమాచార బులెటిన్ ఒకటి ఉంది. ఇచ్చేది ప్రభుత్వ సంస్థే అయినా పాటించడం తప్పనిసరి కాదు.

2018 డిసెంబర్‌లో ఎఫ్ఏఏ అలాంటి బులెటిన్ ఒకటి ఇచ్చింది. ఇంజిన్‌కు ఇంధనం అందించే, ఆపే స్విచ్‌లకు ఒక తాళం లాంటి ఏర్పాటు ఉంటుంది. స్విచ్‌ను పైకి లాగితే తప్ప "రన్" నుంచి "కటాఫ్"కు జరగదు. కొన్ని 737లలో ఆ తాళం పట్టు లేకుండా బిగించి ఉన్నట్టు తేలింది. అలాంటి స్విచ్‌లే ఉన్న ఇతర నమూనాల్లోనూ, అందులో 787 కూడా ఉంది, చూసుకోమని బులెటిన్ సూచించింది. ఇది ప్రమాదకర స్థితి కాదని భావించి ఏడీ ఇవ్వలేదు.

ఎయిర్ ఇండియా 171లో గాల్లోకి లేచిన కొద్ది సెకన్లకే రెండు స్విచ్‌లూ ఒక సెకను తేడాతో కటాఫ్‌లోకి మారాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకు కట్ చేశావని ఒక పైలట్ అడగడం, నేను చేయలేదని రెండో పైలట్ అనడం రికార్డయింది. అదే నివేదికలో ఇంకో వాక్యం ఉంది. 2018 బులెటిన్ తప్పనిసరి కాదు కాబట్టి ఆ తనిఖీ చేయలేదని ఎయిర్‌లైన్ చెప్పింది. వర్తించే ఏడీలన్నీ పూర్తి చేశారని కూడా నివేదికే రాసింది. స్విచ్‌లు ఉండే థ్రాటిల్ కంట్రోల్ మాడ్యూల్‌ను 2019లో, 2023లో మార్చారని, మార్చిన కారణం స్విచ్‌లకు సంబంధించింది కాదని, 2023 తర్వాత ఆ స్విచ్‌ల మీద ఫిర్యాదు ఏదీ లేదని చెప్పింది. ఆ ప్రాథమిక నివేదిక ప్రమాద కారణాన్ని తేల్చలేదు.

దీన్ని ఎయిర్‌లైన్ వైపు నుంచి చూస్తే, ఏటా కుప్పలుగా వచ్చే సలహాలన్నీ అమలు చేస్తూ కూర్చుంటే విమానాలు హ్యాంగర్ దాటవు, కచ్చితంగా అవసరమైతే ఏడీ ఇస్తారు కదా అన్నది వాదన. ఎదుటివైపు వాదన ఏమంటే, కొద్దిసేపట్లో అయిపోయే తనిఖీకి ఆదేశం దాకా ఎదురుచూడాలా? నాకు రెండో వాదనే కొంచెం బలంగా అనిపిస్తుంది. కానీ ఆ తనిఖీ చేయకపోవడమే ప్రమాదానికి కారణం అనడానికి ఆధారం లేదు. రెండూ వేరు. నివేదిక వచ్చాక 2025 జులైలో డీజీసీఏ అలాంటి స్విచ్‌లున్న భారత విమానాలన్నీ చూడమని ఆదేశించింది. తన బోయింగ్‌లలో సమస్యేమీ కనిపించలేదని ఎయిర్ ఇండియా ప్రకటించింది.

ఆదేశం ఎంత వేగంగా పనిచేస్తుందో చూడాలంటే 2025 నవంబర్ చివరి వారం గుర్తు చేసుకోవాలి. అక్టోబర్ 30న అమెరికా ఎయిర్‌లైన్ జెట్‌బ్లూ ఏ320 ఒకటి పైలట్ ప్రమేయం లేకుండా ముక్కు కిందికి దించింది. తీవ్రమైన సౌర వికిరణం ఒక కంట్రోల్ కంప్యూటర్‌లోని డేటాను పాడు చేయగలదని ఎయిర్‌బస్ తేల్చింది. నవంబర్ 28న యూరప్ అత్యవసర ఏడీ ఇచ్చింది. ప్రపంచమంతా దాదాపు 6,000 విమానాలు, మన దేశంలో 338. ఎక్కువవాటికి సాఫ్ట్‌వేర్‌ను పాత వెర్షన్‌కు మార్చితే సరిపోయింది, కొన్ని గంటల పని. ఆ శనివారం ఫ్లైట్ ఆలస్యమైందని ఎయిర్‌లైన్‌ను తిట్టుకున్నవాళ్లు నిజానికి వ్యవస్థ పనిచేసిన తీరును దగ్గరగా చూశారు.

## నాలుగు బోల్టులు: ఫ్యాక్టరీలో ఏం జరిగింది?

తయారీ లోపానికి ఇంత శుభ్రమైన ఉదాహరణ ఇంకొకటి దొరకదు.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్-9 పోర్ట్‌లాండ్ నుంచి లేచి దాదాపు 15,000 అడుగుల దగ్గర ఉండగా ఎడమవైపు గోడలో తలుపంత ముక్క ఊడిపోయింది. దాన్ని డోర్ ప్లగ్ అంటారు. సీట్లు ఎక్కువుంటే అక్కడ అదనపు ఎమర్జెన్సీ తలుపు కావాలి, తక్కువుంటే అవసరం లేదు కాబట్టి ఆ కంతను ప్లగ్‌తో మూసేస్తారు. లోపలి నుంచి చూస్తే మామూలు గోడే, కిటికీతో సహా. ఆ కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. 177 మందిలో ఎవరూ చనిపోలేదు.

ప్లగ్‌ను గాలి ఒత్తిడికి ఆపేది 12 చోట్ల ఉండే ఆసరాలు. అది పైకి జారి ఆ ఆసరాల నుంచి తప్పుకోకుండా ఆపేది నాలుగు బోల్టులు. ఆ నాలుగూ లేవు. ఊడిపోయి కాదు, అసలు బిగించలేదు.

విమానం బాడీ కాన్సాస్‌లో స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అనే కంపెనీలో తయారై బోయింగ్ రెంటన్ ఫ్యాక్టరీకి వచ్చింది. ప్లగ్ పక్కన అయిదు రివెట్లు దెబ్బతిన్నట్టు కనిపించాయి. వాటిని మార్చాలంటే ప్లగ్ తెరవాలి, తెరవాలంటే బోల్టులు తీయాలి. తీశారు. రివెట్లు మార్చారు, ఆ పనికి రికార్డు ఉంది. ప్లగ్ తెరిచినట్టు మాత్రం రికార్డు లేదు. తెరిచినట్టు రాసి ఉంటే, మూసినప్పుడు తనిఖీ చేసి సంతకం పెట్టే వరుస ఒకటి తనంతట తాను మొదలయ్యేది. రాయలేదు కాబట్టి చూడాల్సినవాళ్లకు అసలు చూడాల్సింది ఉందనే తెలియలేదు. లోపలి ప్యానెల్ వేసేశారు. 2023 అక్టోబర్ 31న విమానం ఎయిర్‌లైన్ చేతికి వచ్చింది. దాదాపు 150 సార్లు ఎగిరాక ప్లగ్ ఊడింది.

ఇక్కడ ఎయిర్‌లైన్ తప్పుందా? అంతకుముందు మూడు ప్రయాణాల్లో క్యాబిన్ ఒత్తిడి హెచ్చరిక లైటు వెలిగింది. ఎయిర్‌లైన్ ఆ విమానాన్ని సముద్రం మీదుగా హవాయికి పంపడం ఆపింది గానీ మామూలు రూట్లలో నడిపింది. అది చాలామందికి మింగుడుపడలేదు. అయితే దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఆ లైటుకూ ప్లగ్‌కూ సంబంధం లేదని తేల్చింది. లోపలి ప్యానెల్ తీస్తే తప్ప బోల్టులు కనిపించవు, రెండు నెలల విమానానికి ఆ ప్యానెల్ తీసే చెక్ ఉండదు. 2025లో ఎన్‌టీఎస్‌బీ తుది నివేదిక బోయింగ్ శిక్షణనూ పర్యవేక్షణనూ, దాంతోపాటు ఎఫ్ఏఏ నిఘానూ తప్పుపట్టింది.

మన రాష్ట్రంలో దీన్ని దూరం వార్తలా చదవలేం. హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో టాటా-బోయింగ్ ఉమ్మడి ఫ్యాక్టరీ 737 తోక మీద నిటారుగా నిలిచే ఫిన్ భాగాలను తయారుచేసి పంపుతుంది. అక్కడ పనిచేసే మన పిల్లలు రోజూ రాసే షీట్లు కూడా ఈ గొలుసులోవే.

## మెయింటెనెన్స్ తప్పు ఎలా ఉంటుంది?

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390లో, 17,300 అడుగుల ఎత్తులో కాక్‌పిట్ ముందు అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగేసుకుపోయాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉండగా కో-పైలట్ దించాడు. కెప్టెన్ బతికాడు.

డిజైన్ బాగుంది, తయారీ బాగుంది. ముందురోజు రాత్రి షిఫ్టులో అద్దం మార్చారు. పాత బోల్టు చేత్తో పట్టుకుని, చూపుతోనే పోల్చి స్టోరులో కొత్తవి తీసుకున్నారు. 90లో 84 బోల్టుల లావు ఉండాల్సినదానికంటే అర మిల్లీమీటరు పైచిలుకు తక్కువ. మాన్యువల్ తెరిచి పార్ట్ నంబరు చూస్తే అయిపోయే పని. పని చేసిందీ, సరిగ్గా ఉందని సంతకం పెట్టిందీ ఒకే మనిషి. తనను తాను చెక్ చేసుకునే సంతకానికి ఎంత విలువో ఆ రోజు తేలింది.

ఎయిర్‌లైన్, నియంత్రణ సంస్థ కలిసి చేసే తప్పు ఇంకో రకం. 2000 జనవరిలో అలాస్కా 261 కూలి 88 మంది చనిపోయారు. తోక రెక్కను కదిపే పెద్ద మర అరిగిపోయి తెగింది. ఒకప్పుడు 500 గంటలకోసారి పెట్టే గ్రీజును క్రమంగా ఎనిమిది నెలలకోసారికి పొడిగించారు. ప్రతి పొడిగింపుకూ ఎఫ్ఏఏ ఆమోదం ఉంది. అన్నీ చట్టప్రకారమే.

## లయన్ ఎయిర్: అందరూ ఉన్న కేసు

737 మ్యాక్స్ అనగానే ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ గుర్తొస్తుంది. ముక్కు మరీ పైకి లేచిందనుకుంటే దానంతట అదే కిందికి తోస్తుంది. ముక్కు కోణాన్ని చెప్పే సెన్సర్లు రెండున్నా అప్పట్లో అది ఒక్కదాని మాటే వినేది. అది డిజైన్ లోపం, ఇందులో రెండో మాట లేదు. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ 610లో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్ 302లో 157 మంది చనిపోయారు.

కానీ లయన్ ఎయిర్ సెన్సర్ ఎందుకు తప్పు చెప్పింది? విమానం కొని మూడు నెలలు కూడా కాలేదు. ముందురోజు బాలిలో ఒక సెన్సర్ మార్చారు. పెట్టింది కొత్తది కాదు, ఫ్లోరిడాలో రిపేర్ చేసి వచ్చినది. ఆ రిపేర్‌లోనే అది 21 డిగ్రీలు తప్పు చూపేలా సెట్ అయింది. బాలిలో బిగించాక సరిగ్గా పరీక్షించినట్టు ఆధారం లేదు. ఆ రాత్రి బాలి నుంచి జకార్తా వెళ్లిన ప్రయాణంలోనే విమానం ముక్కు కిందికి తోయడం మొదలుపెట్టింది. కాక్‌పిట్‌లో అదృష్టవశాత్తూ మూడో పైలట్ ఉన్నాడు, తోక మోటారు ఆపేయడంతో గండం గడిచింది. దిగాక టెక్ లాగ్‌లో రాసింది అరకొర. పైలట్ చేతిలోని కంట్రోల్ స్టిక్ దారి పొడవునా వణికిందనీ, మోటారు ఆపి చేత్తో నడిపామనీ రాయలేదు. ఇంజినీర్ రాసినంత వరకు చూసి రిలీజ్ చేశాడు. మర్నాడు పొద్దున అదే విమానం.

ఇండోనేసియా దర్యాప్తు తొమ్మిది కారణాలు చెప్పింది. డిజైన్, దాన్ని ఆమోదించిన తీరు, పైలట్లకు ఎంకాస్ గురించి మాన్యువల్‌లో చెప్పకపోవడం, రిపేర్ షాపు, బిగింపు పరీక్ష, లాగ్, చివరి పైలట్ల సమన్వయం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ప్రమాదం బహుశా జరిగేది కాదు. అయితే తొమ్మిదింటికీ సమాన బరువు వేయడం కూడా నాకు సబబు అనిపించదు. నాలుగు నెలలు తిరగ్గానే ఇథియోపియాలో వేరే ఎయిర్‌లైన్, వేరే సెన్సర్, వేరే పైలట్లతో అదే జరిగింది. రెండిట్లో ఉన్నది ఒక్కటే: ఒక్క సెన్సర్ మీద ఆధారపడ్డ డిజైన్.

## తనిఖీ చేసేవారిని ఎవరు చూస్తారు?

మ్యాక్స్ తర్వాత అమెరికాలో పెద్ద గొడవ దీనిమీదే. ఎఫ్ఏఏ చాలా పరీక్షలను కంపెనీ సొంత ఇంజినీర్లకే అప్పగిస్తుంది. వాళ్లకు జీతం కంపెనీది, సంతకం ప్రభుత్వం తరఫున. దొంగ చేతికి తాళం అన్నారు విమర్శకులు. సమర్థించేవారి జవాబు కూడా కొట్టిపారేసేది కాదు. అంత క్లిష్టమైన యంత్రం గురించి తయారు చేసినవాళ్లకంటే ఎక్కువ తెలిసిన ప్రభుత్వ ఉద్యోగులను వేలల్లో పెట్టుకోవడం ఏ దేశానికీ సాధ్యం కాదు, ఇన్ని దశాబ్దాలు ప్రమాదాలు తగ్గుతూ వచ్చింది ఈ పద్ధతిలోనే అంటారు. 2020లో అమెరికా చట్టం మార్చి ఆ ఇంజినీర్ల మీద కంపెనీ ఒత్తిడి తేకుండా నిబంధనలు పెట్టింది.

మన దగ్గర సమస్య వేరే. 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పిన ప్రకారం డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. చూసే కళ్లు తక్కువైతే కాగితాలు చూడటమే మిగులుతుంది. విమానం దగ్గరికి వెళ్తే ఏం దొరుకుతుందో అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత అదే జూన్‌లో తెలిసింది. ఢిల్లీ, ముంబై లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో చేసిన ప్రత్యేక తనిఖీల్లో టైర్లు అరిగిపోయి ఒక డొమెస్టిక్ విమానాన్ని ఆపేశారు. సరిచేశామన్న లోపాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయని, విమానం తనే నమోదు చేసిన లోపాలు టెక్ లాగ్‌లోకి ఎక్కలేదని డీజీసీఏ రాసింది. ఎయిర్‌లైన్స్ పేర్లు మాత్రం చెప్పలేదు. చెప్తే జనం భయపడతారన్నది ఒక లెక్క కావచ్చు. టికెట్ కొనేవాడికి మాత్రం ఆ పేర్లే కావాలి.

## తప్పు తేలకపోతే కుటుంబానికి పరిహారం ఆగుతుందా?

గల్ఫ్ కుటుంబాలకు ఇది తెలియడం అవసరం. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్, గల్ఫ్ దేశాలు ఇందులో ఉన్నాయి. బోయింగ్ తప్పా, ఇంజినీర్ తప్పా, పైలట్ తప్పా అన్నది తేలేదాకా కుటుంబం ఆగక్కర్లేదు. ఒక పరిమితి వరకు జరిగిన నష్టానికి, తన తప్పు లేదని చెప్పి ఎయిర్‌లైన్ తప్పించుకోలేదు. ఆ పరిమితిని 2024 డిసెంబర్ 28 నుంచి 1,51,880 ఎస్‌డీఆర్‌లకు పెంచారు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క, మారకం రేటును బట్టి ఇది కోటిన్నర రూపాయలు దాటుతుంది. అంతా గంపగుత్తగా చేతిలో పెడతారని కాదు, సంపాదన, వయసు, ఆధారపడ్డవారిని బట్టి నష్టం లెక్క చూపాలి. అంతకు మించి అడిగితే, తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకునే భారం ఎయిర్‌లైన్‌ది. తయారీదారు మీద కేసు దీనికి పూర్తిగా వేరు, అవి ఎక్కువగా అమెరికా కోర్టుల్లో నడుస్తాయి. అక్కడ లోపాన్ని నిరూపించాల్సింది బాధితులే.

## మామునూరులో విమానం దిగితే ఏం మారుతుంది?

ఎయిర్‌పోర్టుకు ఇచ్చే లైసెన్స్ వేరు, విమానం యోగ్యత వేరు. రన్‌వే పొడవు, ఫైరింజన్లు, పక్షుల బెడద చూసేది మొదటిది. మామునూరులో దిగే విమానం సీ-చెక్ మామునూరులో జరగదు. శంషాబాద్‌లో హ్యాంగర్లున్నాయి. మ్యాక్స్‌లకు, కొత్త ఏ320లకు వాడే లీప్ ఇంజిన్లను బాగుచేసే శాఫ్రాన్ కేంద్రం కూడా 2025 నవంబర్‌లో అక్కడే మొదలైంది.

చిన్న ఎయిర్‌పోర్టులో ఉండేది లైన్ మెయింటెనెన్స్ మాత్రమే. ఒకరిద్దరు ఇంజినీర్లు, కొన్ని టైర్లు, కాస్త ఆయిల్. అక్కడ దిగాక ఏదైనా స్నాగ్ వచ్చి, ఎమ్ఈఎల్ దాన్ని వాయిదా వేయనివ్వకపోతే, విమానం నిలబడిపోతుంది. పార్టు, దాన్ని బిగించే లైసెన్స్ ఉన్న మనిషి శంషాబాద్ నుంచి జనగామ మీదుగా రోడ్డున రావాలి. ఆ నాలుగైదు గంటలు కౌంటర్ దగ్గర గొడవ ఖాయం. పక్క ఊరు దాకా ఎగిరి అక్కడ బాగు చేసుకోవచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు. ప్రయాణికులను ఎక్కించుకుని అలా పోనివ్వరు. ఖాళీ విమానాన్ని బాగుచేసే చోటికి తీసుకుపోవాలన్నా దానికి డీజీసీఏ నిబంధనల ప్రకారం విడిగా ఒక ప్రత్యేక పర్మిట్ కావాలి.